స్టూలు మీద చెప్పు

మే 1998, బుధవారం రాత్రి
గుడివాడ

పొద్దున పరువు పోయేదే. పెళ్లికొడుకు బాబాయి గారు మా డీటీపీ సెంటర్లో చేసిన శుభలేఖల ఫైళ్లున్న జిప్ డిస్కు పట్టుకుని, అచ్చు వేయించడానికి బెజవాడ బస్సెక్కాలి. నా మెషీన్‌లోంచి డిస్కు బయటికి రాదే! ఎవరో పక్క కంప్యూటర్ నుంచి అందులో ఫైలు తెరిచి ఉంచారు; అది మూస్తే గానీ డిస్కు రాదు. చూస్తే నాతో పనిచేసే సుజాత. ఫైలు అలాగే వదిలేసి టిఫిన్‌కి వెళ్లిపోయింది.

"బస్సు వెళ్లిపోతుందమ్మా!" అని ఆయన, "ఒక్క నిమిషమండీ" అని నేను. పరుగెత్తి ఆ ఫైలు మూసేసరికి డిస్కు వచ్చింది. తిరిగొచ్చిన సుజాతను అందరి ముందూ కడిగేశాను.

మధ్యాహ్నం రూలు పెట్టాను. ఏసీ గది బయట ఎలాగూ చెప్పులు విప్పుతాం. డిస్కులో ఫైలు తెరిచినవాళ్లు ఒక చెప్పు నా మెషీన్ పక్కన పెట్టాలి, ఫైలు మూశాకే తీసుకోవాలి. ఒంటి చెప్పుతో టిఫిన్‌కి ఎవరు వెళ్తారు?

ఓనరు గారు అదిరిపడ్డారు. "బొట్టు పెట్టిన మెషీన్ పక్కన చెప్పులేంటమ్మా! సరస్వతి కదూ!" సరే, గుమ్మం బయట స్టూలు మీద పెట్టేట్టు రాజీకొచ్చాం.

సాయంత్రం దాకా భలే నడిచింది. అడగ్గానే డిస్కు వచ్చేది. నా తెలివికి నేనే మురిసిపోయాను. సుజాత ఇంకా పనిలో ఉండగానే, బస్సు టైమైందని హడావిడిగా చెప్పులు తొడుక్కుని వచ్చేశాను.

ఇంటి గుమ్మంలో చూసుకుంటే ఎడమ కాలికి నా చెప్పు, కుడి కాలికి సుజాతది! నవ్వాగలేదు. ఆ తర్వాత గుర్తొచ్చింది, ఫైలు తెరిచేటప్పుడు పెట్టిన నా కుడి చెప్పు స్టూలు మీదే ఉందని. ఫైలు మూశానా? ఎంత ఆలోచించినా...

పాపం, సుజాత నా చెప్పుతోనే ఇంటికెళ్లి ఉంటుంది. రేపు అందరి ముందూ కడిగే వంతు దానిది.