రెండో నంబరు ఊపిరితిత్తులు నావి

రాయపూర్,
14 జూలై 2006.

కార్మిక ఆరోగ్య పరిశీలనాధికారి శ్రీ భీమారావు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సీడీలో పేర్లు తెగినందున నా ఊపిరితిత్తులు వేరొకరికి దఖలు పడుట గురించి.

సిల్తారా ఇనుప కర్మాగారంలో పదిహేడేళ్లుగా బట్టీ దగ్గర పనిచేయుచున్న వెంకటస్వామి వ్రాసుకొను విన్నపము. మునుపు హిందీలో రెండు అర్జీలు ఇచ్చితిని. అవి తమ బీరువాలో ఎక్కడ నిద్రపోతున్నవో తెలియదు. తమరు విజయనగరం వారని విని, ఈసారి తెలుగులో వ్రాయుచున్నాను.

1. ఏప్రిల్‌లో మాకు ఛాతీ ఎక్స్‌రేలు తీసి, ఆసుపత్రివారు సీడీలో ఎక్కించి తమకు పంపిరి. ప్రతి ఫైలుకూ మనిషి పూర్తి పేరు పెట్టిరి. తమ పాత కంప్యూటరు పెద్ద పేర్లు చదవదు. ఇంగ్లీషులో మొదటి ఆరక్షరాలు ఉంచి, మిగిలినది కోసి, చివర అంకె తగిలించును.

2. బట్టీ దగ్గర తెలుగువాళ్లం నలుగురం: వెంకటస్వామి, వెంకటేష్, వెంకటరమణ, వెంకట్రావు. మా పెద్దలందరూ ఒకే దేవుడికి మొక్కుకొనుట వారి తప్పు. తమ తెర మీద మేము వెంకట్ ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ అంకెలు ఇంగ్లీషు అక్షరక్రమంలో పడినవి, అందుచేత రెండోది నాది. తమ గుమాస్తా యోగేష్ హాజరుపట్టీ వరుసలో పైవాడికి ఒకటి, కిందివాడికి రెండు అని ప్రసాదంలా పంచిపెట్టినాడు. తమరు సంతకం చేసితిరి.

3. పట్టీలో రెండోవాడు వెంకటేష్. రోజూ వంద దండీలు తీసే ఆ ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు ఊపిరితిత్తులు చెడినవని తేలిక పని మీద గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. పాపం, సిగ్గుతో నా ముఖం చూడలేకున్నాడు. నేను 'పూర్తి ఆరోగ్యవంతుడను'. పది మెట్లు ఎక్కుటకు రెండుసార్లు కూర్చుందును. బట్టీ పని మాత్రం తప్పలేదు.

4. ఎక్స్‌రే మూలన పూర్తి పేరు, వయసు ఉంటాయి, ఒక్కసారి తెరువు బాబూ అని యోగేష్‌ను బతిమాలితిని. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాడే. "అరే అన్నా, కంప్యూటర్ల ఫిట్ అని ఉంది గదా! ఖాళీపీలీ దిమాక్ తినకు, పో" అన్నాడు.

5. పేరుకు బదులు టోకెన్ నంబరు పెడితే ఏ కంప్యూటరైనా చదువునని, అట్లే సీడీ మళ్లీ రాసి ఇత్తునని ఆసుపత్రి ఉమేష్ చెప్పినాడు. పావుగంట పని. తమ సంతకంతో ఒక చీటీ కావలెనట. రెండు నెలలాయె. సిగ్గు లేదా అండీ మీకు? పై మాట కొట్టివేసినట్టు భావించవలెను. వద్దు, ఉండనీయండి.

కావున తమరు ఇదంతా చిత్తగించి, చిత్తగించిన పిదప కుర్చీలోంచి లేచి, ఆ చీటీ మీద సంతకం గీకి, నన్ను బట్టీ నుండి తప్పించవలెను.

తమ విధేయుడు (ఎన్నాళ్లో చెప్పలేను),
వెంకటస్వామి, టోకెన్ నం. 417.
ఇది పూర్తి పేరు. కోయవద్దు.

తా.క.: అయ్యా, నేను ఆయన భార్యను, బంగారమ్మను. ఆయన చెబుతుంటే రాసింది నేనే. 'చిత్తగించి' దగ్గర ఆయనకు దగ్గు పట్టుకుంది, ఇంకా తెరిపి ఇవ్వలేదు. ఆ తర్వాతదంతా నా మాటే. సోమవారం పది గంటలకు ఆయన్ని తెచ్చి మీ బల్ల ముందు కూర్చోబెడతాను. ఆ దగ్గు వినండి. అది వినడానికి సీడీ అక్కర్లేదు.