మెడ కాగితం

నకిరేకల్,
17 సెప్టెంబర్ 2023, ఆదివారం.

నా బిడ్డ ఇఫ్రాకు,

నీ అమ్మీ సలాం, దువా. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరంతా క్షేమంగా ఉన్నారని తలుస్తాను అని ముందుగా రాయాలట. మా ఆదివారం క్లాసు ఉమారాణి మేడమ్ చెప్పింది. ఇక్కడ అందరం అంటే ఎవరం? నేను, నా కుట్టు మిషను, తెల్లారగానే మన గడపలోకి వచ్చి అరిచే పక్కింటి గుర్వమ్మ మేక. ముగ్గురం క్షేమమే. మిషనుకు మాత్రం కొత్త బెల్టు వేయించాను. అల్లుడు ఆతిఫ్‌కు సలాం చెప్పు. నా మనవరాలు హిబాకు రెండు బుగ్గల మీద ముద్దులు పెట్టు.

మనం ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. అయినా నేను ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను, అదీ పుస్తకాల తెలుగులో. నాకు వచ్చిన తెలుగు రాత ఇదే మరి. నవ్వితే నవ్వుకో. ఎవరైనా అన్న మాటలు మాత్రం వాళ్లు అన్నట్టే రాస్తాను. క్లాసులో నా పక్కన కూర్చునే మైసమ్మ మాటను పుస్తకంలోకి మార్చి రాస్తే ఆమె నన్ను బల్ల మీద కూర్చోనివ్వదు. ఫోనులో ఎందుకు చెప్పలేదని అడుగుతావేమో. మీ ఇంట్లో ఫోను మోగితే స్పీకర్ పెట్టి నలుగురూ వింటారు. ఇది నీ ఒక్కదానికి చెప్పాల్సిన మాట.

నువ్వు తిప్పి పంపిన ఫారం అందింది. ఓపెన్ స్కూల్ పదో తరగతి ఫారం నీ కోసమని నేను క్యూలో నిలబడి తెచ్చి పంపితే, ఖాళీగా తిప్పి పంపావు. "నాలాంటి మొద్దుకు ఇప్పుడు పదో తరగతి ఎందుకమ్మీ, నన్ను వదిలెయ్" అని రాశావు. నేను వదలను. అదే ఫారం మళ్లీ ఈ కవరులో పెట్టాను. దానితో పాటు ఎర్ర దారంతో కట్టిన ఇంకో కాగితం ఉంది. ఉత్తరం మొత్తం చదివే దాకా ఆ దారం విప్పకు. నా మీద ఒట్టు.

నువ్వు అడిగినవాటికి వరుసగా జవాబులు రాస్తాను. పరీక్షలో అలా రాస్తేనే మార్కులట.

మొదటిది, పదో తరగతి పరీక్షలో ఫెయిలయ్యావు కదా, ఇక చాలించు అన్నావు. ఫెయిలైంది ఒక్క గణితంలో. ఇరవై రెండు వచ్చాయి. మిగతా నాలుగూ పాసయ్యాను, తెలుగులో అయితే అరవై ఒకటి. జాకెట్ ఒకసారి కుదరకపోతే బట్ట పారేస్తామా? కుట్లు విప్పి మళ్లీ వేస్తాం. నేను గణితం మళ్లీ రాస్తాను. అప్పుడూ పోతే ఆ పైసారి రాస్తాను. నాకు అరవై మూడేళ్లు, తొందరేమీ లేదు. మున్సిపాలిటీలో ఊడ్చే మైసమ్మ కూడా గణితంలోనే పోయింది. ఆమెకు ఆ ఎక్స్ మీద చాలా కోపం. "బేగమ్మా, గీ ఎక్స్ అనెటోడు ఎవడే? ఎప్పుడు జూసినా కనవడకుంట పోతడు, మనమే దేవులాడాలె. నా మొగుడే నయం, కల్లు దుకాణంల దొరుకుతుండె!" అంది. మేడమ్ కూడా నవ్వు ఆపుకోలేక బోర్డు వైపు తిరిగింది. మీ అబ్బా పోయాక నేను అంత గట్టిగా నవ్వడం అదే మొదలు.

రెండోది, ఈ వయసులో దీనివల్ల ఏం లాభం అన్నావు. గుర్వమ్మ కూడా అదే అడుగుతుంది. "కాటికి కాళ్లు సాపినంక గిప్పుడు సదివి కలెక్టరైతవా?" అంటుంది. "అయిత. అయినంక ముందు నీ పింఛనే ఆపుత" అంటాను. కానీ నీకు నిజం చెప్పాలి. బీపీ గోళీ ఒకటి తిండికి ముందు వేసుకోవాలని దవాఖాన చీటీ మీద తెలుగులో రాసి ఉంది. రెండేళ్లు దాన్ని తిండి తర్వాతే వేసుకున్నాను. ఎవరినీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. చదవడం వచ్చాక ఒకరోజు ఆ చీటీ చూసి నా చెంపలు నేనే వేసుకున్నాను. ఇంకోటి, కత్తెర ఎక్కడ పెట్టానో మరిచిపోయి ఇల్లంతా వెతికేదాన్ని, గుర్తుందా? ఇప్పుడు మిషను తొక్కుతూ పదమూడో ఎక్కం చదువుతాను. కత్తెర సంగతి ఇప్పుడూ మరుస్తాను, కానీ పదమూడో ఎక్కం మరవను. మోకాళ్ల సంగతి అడిగావు. ఆదివారం క్లాసుకు హైస్కూలు దాకా నడుస్తుంటే నొప్పి ఉంటుంది. ఇంట్లో కూర్చున్నా ఉంటుంది. అందుకని నడుస్తున్నాను.

అసలు లాభం ఇంకొకటి ఉంది. మీ అబ్బా పోయిన ఏడాది నేను ఎవరితో ఎన్ని మాటలు మాట్లాడానో వేళ్ల మీద చెప్పగలను. మెడ ఎంత, చెయ్యి ఎంత, ఎప్పటికి కావాలి, అంతే. ఇప్పుడు ఆదివారం వస్తుందంటే శనివారమే బురఖాకు ఇస్త్రీ చేస్తాను. నాకోసం బల్ల మీద జాగా పట్టి ఉంచే మనిషి ఒకరున్నారు. నేను రాకపోతే ఎందుకు రాలేదని ఇంటికి వస్తుంది.

మూడో ప్రశ్న నువ్వు అమాయకంగా అడిగావు. "ఉర్దూలో చక్కగా రాస్తావు కదా, పరీక్షలు ఉర్దూలో రాసుకోవచ్చు కదా, ఆ తెలుగుతో తిప్పలెందుకు?" అన్నావు. ఇఫ్రా, దీనికి జవాబు తొమ్మిది నెలల నుంచి నా కడుపులో ఉంది. నిన్ను మోసినన్ని నెలలు దీన్నీ మోశాను. ఇక మోయలేను.

నీకు పదేళ్లు అప్పుడు. నాలుగో తరగతి అయిపోయింది. మీ బడి లచ్చయ్య సార్ నీతో గురుకులం పరీక్ష రాయించాడు. సీటు వస్తే ఐదో తరగతి నుంచి హాస్టల్లో ఉండి చదువుకోవచ్చు. పరీక్ష రాసి నువ్వు చిట్యాలలో మీ ఖాలా, నా చెల్లెలి ఇంటికి ఎండాకాలం సెలవులకు పోయావు. ఆ రోజుల్లోనే పోస్టులో ఒక కాగితం వచ్చింది. మందపాటి కాగితం, కింద గుండ్రటి ముద్ర, అంతా తెలుగు. మీ అబ్బా లారీ మీద బెజవాడ వైపు పోయాడు. ఇంట్లో ఉన్నా ఆయన మైలురాళ్ల మీది అంకెలు తప్ప ఏమీ చదవలేడు. "మా ఇంట్ల చదువుకున్నది ఆమెనే" అని నన్ను చూపించి గొప్పలు చెప్పేవాడు పాపం.

వాడకట్టు పిల్లలకు నేను ఉర్దూ అలిఫ్, బే నేర్పేదాన్ని. అందరూ ఉస్తానీ అని పిలిచేవారు. ఉస్తానీకి తెలుగులో ఒక్క అక్షరం రాదని ఎవరికీ తెలియదు. ఆ కాగితం పట్టుకొని గుర్వమ్మ ఇంటి దాకా పోయాను. వాళ్ల కొడుకు గిరి అప్పుడు తొమ్మిదో తరగతి. 'ఇది జర చదివిపెట్టు బిడ్డా' అంటే సరిపోయేది. గుర్వమ్మ వాకిట్లోనే ఎదురై, "రా ఉస్తానీ, ఏందో కాగితం వట్టుకొచ్చినవ్?" అంది. "ఏం లేదు, జాకెట్ కొలత కాగితం" అని చెప్పి వెనక్కి తిరిగాను.

మిషను సొరుగులో పెట్టాను. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకున్నాను. పెళ్లిళ్ల రోజులు, పని నెత్తి మీద ఉంది. ఒక పెళ్లికూతురి జాకెట్‌కు మెడ కోయాలి, బట్ట మీద పెట్టి గీసే పాత మెడ కాగితం చినిగిపోయింది. సొరుగులో చెయ్యి పెట్టాను. అదే తగిలింది. నిలువుగా మడిచి, మెడ గీసి, కత్తిరించాను. 'తెలియక కత్తిరించాను' అని ఇక్కడ రాసి కొట్టేశాను, కొట్టివేత నీకు కనిపిస్తుంది. తెలిసే కత్తిరించాను ఇఫ్రా. అది నీ బడి కాగితం కావచ్చని నా మనసుకు తెలుసు. సిగ్గు సగం. మిగతా సగం నీ చేతులు. బడి నుంచి రాగానే హుక్కులు కుట్టేదానివి, కాజాలు వేసేదానివి, నీ కుట్టు నా కుట్టు కంటే సన్నం. నువ్వు హాస్టల్‌కు పోతే నేను ఒక్కదాన్ని ఏం చేసుకోను? అందులో ఏముందో నాకు తెలియకపోతే నిన్ను పంపాల్సిన పనే ఉండదు. తల్లి ఇలా ఆలోచిస్తుందా అంటే, ఆలోచించాను.

బడి తెరిచాక లచ్చయ్య సార్ ఇంటికి వచ్చాడు. "ఇంటికి కాగితమేమన్న వచ్చిందా అమ్మా?" అని అడిగాడు. "రాలేదు సార్" అన్నాను. "గట్లెట్ల? ఈ పిల్లకు తప్పకుంట వస్తదనుకున్న" అని ఆయన వెళ్లిపోయాడు. నువ్వు తలుపు వెనక నుంచి విన్నావు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు నా ఒళ్లో తల పెట్టి, "నాకు దిమాగ్ లేదమ్మీ" అన్నావు. "అంతా అల్లా రాత బిడ్డా" అన్నాను. నేను చేసింది తీసుకుపోయి అల్లా మీద వేశాను.

ఆ మాట నువ్వు ఇప్పటికీ అంటావు. ఏడో తరగతిలో బడి మానేసినప్పుడు అన్నావు, పెళ్లి చూపుల్లో అన్నావు. పోయిన ఉత్తరంలో హిబాకు లెక్కలు తప్పుతున్నాయని రాస్తూ, "దానికీ నా మొద్దుబుర్రే వచ్చింది" అన్నావు. నా అబద్ధం ఇప్పుడు హిబా దాకా పోయింది.

ఆ మెడ కాగితాన్ని పారేయడానికి చేతులు రాలేదు. ఇరవై మూడేళ్లు వాడాను. రాత ఉన్న వైపు ఎప్పుడూ కిందికి పెట్టి గీసేదాన్ని. ఎన్ని జాకెట్లకు మెడ కోశానో లెక్క లేదు.

నాకు అరవై ఏళ్లు దాటాక ఒకరోజు ఉమారాణి మేడమ్ జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చింది. నా కొలతల పుస్తకంలో ఉర్దూ రాత చూసి, "ఎంత ముద్దుగ రాస్తవమ్మా! మరి తెలుగు?" అంది. "రాదు" అన్నాను. ఆ మాట బయటికి అనడం బతుకులో అదే మొదటిసారి. ఆమె నవ్వలేదు. "రాకుంటే ఏంది, నేర్చుకుందాం, ఆదివారం రా" అంది. అంతే ఇఫ్రా. గుర్వమ్మ గుమ్మంలో ఆ ఒక్క మాట అనడానికి నాకు నోరు వచ్చి ఉంటే!

పోయిన డిసెంబరులో ఒక మధ్యాహ్నం తలుపు గడియ పెట్టి ఆ కాగితాన్ని తిరగేశాను. కూడబలుక్కొని చదివాను. ఒక్కో మాట చదవడానికి ఎంతసేపు పట్టిందో. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి చదివాను, తప్పు చదివానేమోనని ఆశ. తప్పు చదవలేదు. ఉర్దూలో పరీక్ష రాస్తే నాకు సులువే. కానీ మన ఇంటికి వచ్చింది తెలుగులో వచ్చింది. అది ఏ భాషలో వచ్చిందో ఆ భాషలోనే నీకు చదివి చెప్పాలి. అందుకే తెలుగు.

ఇప్పుడు దారం విప్పు.

మెడ కోసిన చోట అర్ధచంద్రం లాగా పోయింది. అక్కడ బడి పేరు ఉండేది. చేరాల్సిన తారీఖు సగం పోయింది. సుద్ద మరకలు, గుండుసూది రంధ్రాలు నిండా ఉన్నాయి. ఎడమ భుజం మీద చూడు. 'కుమారి ఇఫ్రా బేగం, తండ్రి పీర్ మహమ్మద్, ఐదవ తరగతి ప్రవేశమునకు ఎంపిక' అని ఉంది. భుజం మీద కత్తెర పడదు కాబట్టి నీ పేరు మిగిలింది. నువ్వు మొద్దువి కావు. ఎప్పుడూ కావు. నీ దిమాగ్ సంగతి పదేళ్లప్పుడే ప్రభుత్వం ముద్ర వేసి రాసిచ్చింది, దాన్ని నేను కత్తిరించాను.

నన్ను క్షమించమని ఇందులో అడగను. అది తర్వాత. ముందు ఫారం. అక్టోబరు పదో తారీఖు గడువు. కోపం వస్తే కోపంతోనే సంతకం పెట్టు, ఏడుపు వస్తే ఏడుస్తూ పెట్టు, కానీ పెట్టు. అల్లుడు ఏమైనా అంటే నాకు చెప్పు, ఆయనతో నేను మాట్లాడతాను. హిబాకు ఈ కాగితం చూపించు. అమ్మమ్మ చేసిన పని కూడా దాచకుండా చెప్పు.

రెండో తారీఖున నేనే వస్తున్నాను. హైదరాబాదులో దిగి మీ కొత్తకోట బస్సు బోర్డు నేనే చదువుకొని, ఎవరినీ అడగకుండా ఎక్కుతాను. వచ్చి ఫారం తీసుకుపోతాను. నీకు నా ముఖం చూడబుద్ధి కాకపోతే తలుపు తీయకు. గణితం పుస్తకం సంచిలో పెట్టుకొని వస్తున్నాను. నువ్వు సంతకం పెట్టే దాకా మీ గడపలో కూర్చొని లెక్కలు చేసుకుంటాను.

ఇట్లు,
వచ్చిన కాగితాన్ని ఇరవై మూడేళ్లకు చదివిన
నీ అమ్మీ,
అజీజా బేగం