ఒకే రీలు, రెండు పొద్దులు

ద్వారక

ప్రియమైన ఫేబీ బుజ్జికి,

మీ డాడీ సాలొమోను వందనాలు. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. నేను నోరు తెరవగానే నువ్వు స్పీకర్ పెట్టి హాస్టలంతా వినిపిస్తావు, ఇటు మీ మమ్మీ ఫోను లాక్కుంటుంది. కాయితాన్ని ఎవరూ లాక్కోరు. గ్రేటర్ నోయిడాకి డ్యూటీకొచ్చే ఎల్సా ఆంటీ చేతికిస్తున్నా.

నువ్వడిగిన బుల్లి సినిమా కెమెరా దొరికింది. ఆదివారం చర్చి ఎగ్గొట్టి (మమ్మీకి చెప్పకు) పాత ఢిల్లీ ఫుట్‌పాత్ బజారుకెళ్లా. ఒక భయ్యా పాత ఇస్త్రీపెట్టెల మధ్య పెట్టుకున్నాడు. నువ్వు చెప్పినవన్నీ చూశా. బ్యాటరీ అక్కర్లేని, తాళం తిప్పే రకం. తాళం తిప్పి చెవి దగ్గర పెట్టుకుంటే కుట్టుమిషన్లాగా ఆగకుండా టకటకలాడింది. వెనక మూత తీసి వెలుతురుకేసి చూస్తే లోపలి రెప్ప తెరుచుకుని మూసుకుని నాకు కన్ను కొట్టింది. అద్దానికి బూజు లేదు. ఇంతా చూసి మొహం వేలాడేసి, "పని చెయ్యకపోయినా పర్లేదు భయ్యా, క్రిస్మస్ నాటకంలో ఒకడి మెడలో వేలాడదీయాలి" అన్నా. పాపం జాలిపడి ఇస్త్రీపెట్టె ధరకే ఇచ్చేశాడు. నాటకం బాగా చెయ్యండి అంకుల్ అని దీవించాడు కూడా. అప్పటికే చేసేశా కదా.

ఫిల్ము మీద తియ్యడం డబ్బున్నోళ్ల సరదా, నువ్వు ఫోనుతో తీసుకో అని మీ కాలేజీ సినిమా క్లబ్బు సీనియర్ ఇషిత అందన్నావుగా. ఎనిమిదిలో బడి మానేసి హాస్పిటల్లో లిఫ్టు నడిపేవాడి కూతురు ఏం తీస్తుందో చూపించు.

కెమెరా కవరు జాగ్రత్తగా తెరువు.

ఇట్లు,
పైకీ కిందికీ తప్ప ఎటూ వెళ్లని
మీ డాడీ

గ్రేటర్ నోయిడా

ప్రియమైన డాడీ,

కెమెరా కవర్లో గోంగూర పచ్చడి సీసా. పచ్చడి డబ్బాలో కెమెరా. రూమ్మేట్ ప్రణతి ముందు ఆ కవర్ని కళ్లకద్దుకుని మరీ తెరిచాను. నీకు సిగ్గు లేదు.

తెలుగులో రాస్తేనే చదువుతానన్నావు కాబట్టి రాస్తున్నా. తప్పులుంటే సండే స్కూల్ టీచర్‌ని అడుగు.

ఇక సీరియస్. రీలు ఒక్కటే కొనగలిగాను. మునిర్కాలో ఉండే ఫిల్ము పిచ్చోళ్లు, భరద్వాజ్ వాళ్ల గ్యాంగ్, డేటు దాటిన చవక రీళ్లు తెప్పించుకుంటుంటే వాళ్లతో కలిసి తెప్పించా. ఒక్క షాటు పోయినా మళ్లీ తియ్యలేం. ఈ ఫిల్ముకి పొడుగునా రెండు వరసలుంటాయి. మొదటిసారి తిరిగినప్పుడు సగం వెడల్పులోనే బొమ్మ పడుతుంది, రెండోసారి మిగతా సగంలో. మొదటి సగంలో నా పొద్దు తీసేశా. హాస్టల్ కిటికీ, బస్సు క్యూ, చివర్లో కాలేజీ గేటు. రెండో సగంలో మమ్మీ పొద్దు కావాలి. హాస్పిటల్లో నర్సు నైట్ డ్యూటీ దిగి ఇంటికి నడిచొచ్చేది. నాకు పరీక్షలు, రాలేను. నువ్వే తియ్యాలి.

రీలుని రజాయి కింద చీకట్లో వెనక్కి చుట్టి, మళ్లీ పెట్టి మూసేశా. నువ్వు కెమెరా తెరవనే తెరవకు. ఎండొచ్చాకే తియ్యి. ప్రతి షాటుకీ ముందు తాళం నిండా తిప్పు. కదలకుండా గోడకి ఆనుకో. మమ్మీని మాత్రమే. జోకులు వద్దు. ఫెస్టివల్‌కి పేరిచ్చేశా డాడీ. ఇది పోతే ఇషిత ముందు మొహం ఎక్కడ పెట్టుకోను?

ప్రేమతో, భయంతో,
ఫేబీ

ద్వారక

ప్రియమైన డైరెక్టరమ్మ గారికి,

తీసేశా. మీ మమ్మీ సరళకుమారి, జుట్టు ఇలా ఉంటే సినిమా ఏంటని కసిరింది. అందుకని పక్కింటి సదాశివరావు అంకుల్ బట్టతల మీద ఎండ పడుతుంటే అది తీశా. పార్కింగులో కుక్కని తీశా. సీలింగ్ ఫ్యాన్ని చాలాసేపు తీశా. కదలొద్దన్నావుగా, నేను కదల్లేదు, అదే తిరిగింది.

కెమెరా మాత్రం తెరవలేదు, ఒట్టు. నా జన్మలో ఎవరి మాటైనా పూర్తిగా విన్నది ఇదొక్కటే.

ఇట్లు,
కెమెరామన్ సాలొమోను

గ్రేటర్ నోయిడా

డాడీ,

ప్రియమైన అని రాయడం లేదు. ఎల్సా ఆంటీ ముందే ఏడ్చేశాను. లిఫ్టులో డాక్టర్లని తప్పు ఫ్లోర్లో దింపి నవ్వుకోవడం లాంటిది కాదు ఇది. రీలు కడగడానికి పంపేశా, ఎందుకో నాకే తెలీదు. ఫోన్ చెయ్యకు.

ఫేబీ

ద్వారక

ప్రియమైన బుజ్జీ,

చెయ్యను. కడిగొచ్చాక చూసి, అప్పుడు తిట్టు. ఈసారి పచ్చడి డబ్బాలో పచ్చడే ఉంది.

డాడీ

గ్రేటర్ నోయిడా

ప్రియమైన, చాలా ప్రియమైన డాడీ,

రీలు వచ్చింది. బట్టతల లేదు, కుక్క లేదు, ఫ్యాను లేదు. అంతా మమ్మీయే. నీ చెయ్యి కొంచెం కూడా వణకలేదు. అబద్ధాలకోరు డాడీ.

కానీ తప్పు జరిగింది. నీది కాదు, నాది. మొదటి సగం అయ్యాక నిండిన చక్రాన్ని అలాగే తిరగేసి రెండో పక్కన పెట్టాలట. నేను పాత ఫొటో కెమెరాలో చేసినట్టు వెనక్కి చుట్టేశా. దాంతో నువ్వు తీసిందంతా నేను తీసినదాని మీదే పడింది. రెండో వరస మొత్తం నలుపు. నువ్వు తెరిచి కెలికుంటే బాగుపడేదేమో. బుద్ధిగా ఉండటానికి నీకు ఆ రోజే దొరికింది.

నేను తల పట్టుకుని కూర్చుంటే ప్రణతి, "ఫిర్ సే చలా" అంది. మళ్లీ వేశాం. నా హాస్టల్ కిటికీలోంచి మమ్మీ తెల్ల యూనిఫాంలో నడిచొస్తోంది. నా బస్సు క్యూలో కూర్చుని చెప్పులు విప్పి పాదాలు పిసుక్కుంటోంది. క్యూలో అమ్మాయిలు ఆమెకి చోటిస్తున్నట్టు పక్కకి జరుగుతున్నారు. నేను లేచేసరికి మమ్మీ పడుకునేది కదా ఎప్పుడూ. ఇందులో ఇద్దరిదీ ఒకే పొద్దు.

ఇషిత చూసి, ఇదెలా చేశావని అడిగింది. తెలీక చేశా, సగం మా డాడీ తీశారు అని నిజమే చెప్పా. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. మళ్లీ ఒకసారి వెయ్యమంది.

చివరి షాటు సంగతి. జోకులు వద్దన్నానా లేదా? కెమెరా నీవైపు తిప్పుకుని నాలుక బయటపెట్టావు. అది సరిగ్గా మా కాలేజీ గేటు మీద పడింది. గేటంత మొహం, గేటంత నాలుక. దాన్ని తీసెయ్యను. ఫెస్టివల్ మా కాలేజీలోనే, ఇద్దరూ రండి.

నీ ఫేబీ

ద్వారక

ప్రియమైన బుజ్జీ,

జుట్టు బాలేదని సణుగుతూనే మీ మమ్మీ వార్డు వార్డుకీ తిరిగి సినిమా కథ చెప్తోంది. బహుమతి ఎవరికో పోయింది, పోనీ. నువ్వు మైకులో "కెమెరా: ఫేబీ, సాలొమోను" అన్నప్పుడు నేను ఏడ్చానని మమ్మీ చెప్తే నమ్మకు. గోంగూర ఘాటు.

నీకు చెప్పని ముచ్చట ఒకటుంది. మొన్న గేటు దగ్గర సెక్యూరిటీ వాడు, డ్యూటీ నుంచి తిన్నగా వచ్చిన మమ్మీ యూనిఫాం చూసి సలాం కొట్టాడు. నన్నాపి, "కిస్సే మిల్నా హై అంకుల్?" అని, ఎవర్ని కలవాలో చెప్పమన్నాడు. చదువుల గేటు ముందు నాకు ఎప్పుడూ నోరు పెగలదు. ఆ రోజు పెగిలింది. "లోపల తెర మీద నేనున్నా, నన్ను చూసుకోడానికొచ్చా" అన్నా. అతను నవ్వలేదు. ఇంకొకణ్ణి గేటు దగ్గర నిలబెట్టి, నా వెనకాలే హాలు తలుపు దాకా వచ్చి, అక్కణ్ణించే తెర చూశాడు.

తిరిగొచ్చేటప్పుడు మళ్లీ గేట్లోనే ఉన్నాడు. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, నాకేసి నాలుక బయటపెట్టాడు.

నేను నిటారుగా నిలబడి సలాం కొట్టా.

ఇట్లు,
మీ కాలేజీ గేటు మీద మొహం ఉన్న
మీ డాడీ