అత్తయ్యా, జల్లెడ కనబడిందా?

అత్తయ్యా, బస్సు వచ్చే టైమైంది, గబగబా రాస్తున్నా. గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్, అదే మీరు జల్లెడ అనేది, బిగించేశాను! ముందు బండి కింద పరిచిన అట్టముక్క చూడండి. దాని మీద ఎర్ర ఆయిల్ చుక్క ఒక్కటి పడినా స్టార్ట్ చెయ్యకుండా నాకు ఫోన్ చెయ్యండి. పొడిగా ఉంటే ఇంజన్ కాసేపు తిరగనిచ్చి, అది నడుస్తుండగానే గేర్‌బాక్స్ పుల్ల తీసి ఆయిల్ మట్టం చూసుకోండి.

"మీ మామయ్య బండి మొహానికి ఆ జల్లెడ తగిలిస్తే ఊరుకోను" అన్నారుగా? ఇప్పుడు గేటు దగ్గర నిలబడి చూడండి. కనబడితే సాయంత్రం నేనే పీకేస్తా. మెకానిక్ చిన్నది చాలన్నాడు గానీ, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని కొండ రోడ్డు ఎక్కే బండి కదా, పెద్దదే తెచ్చాను. నల్లరంగు వేసి గ్రిల్ వెనక దాచాను. కొత్తగా ఒక్క బెజ్జం కూడా వెయ్యలేదు, హారన్ బోల్టులకే ఇనుప పట్టీలు కలిపి బిగించాను. మీరేమో పిన్నిగారికి ఫోన్ చేసి "మా కోడలు బండిని విప్పి కుప్పపోసింది" అన్నారు. నేను బండి కిందే ఉన్నాను, అంతా వినబడింది.

పోన్లెండి. మధ్యాహ్నం కొండ మీద వదినగారింటికి మీరే నడుపుకుంటూ వెళ్లండి. బండి వేడెక్కిన ప్రతిసారీ, అది చల్లారేదాకా మీరు మలుపులో ఆ రాయి మీద మోకాళ్లు పట్టుకుని కూర్చోవడం ఇక నేను చూడలేను.

ఇంకోటి. హారన్ గొంతు మారలేదు, కొట్టి చూశాను. ఆ రాయి పక్కనుంచి వెళ్లేటప్పుడు గట్టిగా కొట్టండి. బండి మాత్రం ఆపకండి.