రెండో గ్లాసు

బావా,

మా తరగతికి మీ కుట్టుమిషన్ ఫొటో పంపమంటే వెంటనే పంపారు, సంతోషం. ఫొటోలో ఏముందో చూసి కథ చెప్పడం మా పిల్లల పని. తీరా చూస్తే మీ గుట్టు రట్టయింది!

"టీచర్, మిషన్ ఒక్కటే, టీ గ్లాసులు మాత్రం రెండు," అంది ముందు బెంచీ పిడుగు. "ఖాళీ కుర్చీ ముందున్న టీ మీద మీగడ కట్టేసింది. ఎవరికో పోసి, ఎదురుచూస్తున్నాడు పాపం!"

పదిహేను రోజులుగా మీ మీద అలిగి నా దగ్గరే ఉన్న అక్కకి ఫొటో చూపించి, ఆ పిల్ల మాట చెప్పాను.

"టీ అలా చల్లార్చేస్తారా ఎవరైనా?" అని కసురుకుంటూనే పెట్టె సర్దేసింది.

ఈ ఉత్తరం తెచ్చిన మనిషికి వేడి టీ పోయండి.

మీ మరదలు