జ్వరం దొరగారి ఓటమి

లంబాసా, మంగళవారం రాత్రి

ఓ డైరీ మహాతల్లీ, క్షమించు! మద్రాసులో ఎఫ్.ఏ. చదివి, ఫిజీ చెరకు తోటల ఆసుపత్రిలో మందులు కలిపే ఈ పండితుడు నీ పవిత్రమైన పేజీని ఒక మూర్ఖుడి చరిత్రతో మలినం చేయబోతున్నాడు.

మూర్ఖుడంటే మా డాక్టరు దొరే. మెడ మీద కంతితో వచ్చిన గిర్మిట్ ఒప్పందపు కూలీ నరసమ్మకు సూది గుచ్చి మరీ జ్వరం తెప్పించాడు. జ్వరం రేగితే ఒళ్ళే ఆ కంతి మీద యుద్ధానికి దిగుతుందట! లోకమంతా జ్వరం దించేవాణ్ణి డాక్టరంటుంది. మాకు దొరికినవాడు ఎక్కించేవాడు. "దించే మందు చుక్క కూడా ఇవ్వకు" అని నాకు ఆజ్ఞ.

నాలుగు రోజుల్లో నిమ్మకాయంత కంతి వక్కంత అయింది. దొర పసిపిల్లాడిలా గంతులేశాడు. నాకు నవ్వాగలేదు.

ఆదివారం జ్వరం ఉన్నట్టుండి దిగిపోయింది. ఇవాళ చూస్తే కంతి మళ్ళీ పెరిగింది. దొర కొలిచి చూసి, "నా ఊహే తప్పు. ఇక ఎవరికీ ఈ సూది వద్దు. ఈమెను పంపించెయ్" అని తన పుస్తకం మూసేశాడు.

"మల్లీ చెరుకు కోతకేనా బాబూ? మరి ఈ కంతో?" అని నరసమ్మ నన్నడిగింది. నేను సీసాలు తుడుస్తూ ఉండిపోయాను.

ఎంత తెలివితక్కువ దొర! జ్వరం ఎందుకు దిగిందో నన్నొక్క మాటైనా అడగలేదు.

శనివారం మధ్యాహ్నం ఆమె "ఒల్లు కాలిపోతంది బాబూ, నీ కాల్లట్టుకుంటాను" అని ఏడిస్తే, క్వినైన్ నేనే ఇచ్చాను. చార్టులో రాయలేదు.