ఆంప్లిఫయర్‌లో దొరికిన మైకు

మస్తాన్ మామా,

జమ్మలమడుగు పార్టీ ఆఫీసువాళ్లు అమ్మేసిన పాత ఆంప్లిఫయర్ ప్రొద్దుటూరులో నా షాపుకు రిపేరుకు వచ్చింది. విప్పితే ట్రాన్స్‌ఫార్మర్ వెనక అగ్గిపెట్టెంత సర్క్యూట్, దానికో చిన్న మైకు కనిపించాయి. ఏమిటో తెలియక కరెంటిచ్చి, పక్కనున్న రేడియో తిప్పాను. నా దగ్గు రేడియోలో వినిపించింది.

ఫ్యాక్షన్ రోజుల్లో ఆ ఆఫీసు గదిలోని మాటలు ఎదుటివర్గానికి చేరుతుంటే, టీ ఇచ్చే నిన్నే అనుమానించి తరిమేశారు. పులివెందులలో తలదాచుకుని, అక్కడే పోయావు.

ఈరోజు అప్పటి నాయకుడి ఇంటికి పోయి, ఆ మైకు పనిచేయించి చూపించాను.

"ఇంత పురుగా మా కొంపలు ముంచింది? అంటే మస్తాన్ కాదా అప్పా?"

"కాదన్నా."

"నీ జతగాడే గదా, వాడు కాదని ఆ పొద్దే ఎందుకు చెప్పలే?"

మైకు జేబులో వేసుకుని లేచాను. అప్పుడు నేనూ నిన్నే అనుమానించాను, మామా.